డాయ్‌కి సరిపడే పెట్టె

మూడోసారి కూడా పాముపిల్ల ఎలుకను ముట్టలేదు.

శనివారం పొద్దుటి బస్సు డ్యూటీ దిగి, యూనిఫాం కూడా మార్చుకోకుండా, మెన్నా తిన్నగా నీత్ ఊరి బజారులోని పాముల దుకాణానికి వెళ్ళింది.

ఆ పిల్లను కొన్నది ఆమే. ఉక్కు కర్మాగారంలో కొలిమి మూతపడి ఉద్యోగం పోయాక, ఆమె భర్త ఇద్రిస్ పది నెలలుగా కిటికీ పక్క కుర్చీ వదల్లేదు. పామును పెంచుకోవాలని చిన్నప్పటినుంచీ అతనికి ఒకటే సరదా. వాళ్ళమ్మ ఒప్పుకోలేదు. అందుకే యాభయ్యో పుట్టినరోజుకి విషంలేని కార్న్ స్నేక్ పిల్లను తెచ్చి చేతిలో పెట్టింది మెన్నా.

పెన్సిలంత లావు. జానెడున్నర పొడవు. ఒళ్ళంతా నారింజరంగు మచ్చలు.

ఇద్రిస్ దానికి డాయ్ అని పేరు పెట్టాడు. మర్నాడు ఆమెకన్నా ముందే లేచాడు. గడ్డం గీసుకున్నాడు.

డాయ్ తినడం మానేసేసరికి మళ్ళీ ఆ కుర్చీలోకే చేరాడు. నిన్న సాయంత్రం, "నా చేతిలో ఏదీ నిలవదులే" అన్నాడు. ఆ మాట మెన్నాను తినేస్తోంది.

దుకాణం నడిపే డెలిత్ ఎవరితోనో బేరంలో ఉంది. గుమ్మం పక్క బల్లమీద అంచులు చివికిపోయిన కోటు తొడుక్కున్న ముసలాయన ఒకడు కూర్చుని ఉన్నాడు. మెన్నా గుమ్మంలోంచే డెలిత్‌కి చెప్పుకున్న గోడు విని తనే పలకరించాడు.

"ఎంత పెట్టెలో పెట్టావమ్మా?"

మెన్నా కాస్త గర్వంగానే చెప్పింది. నాలుగడుగుల గాజు పెట్టె, లోపల ఇసుక, పైన పెద్ద లైటు. ఉన్నవాటిలో మంచిదే కొన్నామంది.

"రగ్బీ మైదానం నడుమ పసిబిడ్డను కూచోబెట్టి తినమంటే తింటుందా?" అన్నాడు ముసలాయన. "పద, అరగంటలో సరిచేసి వస్తాను."

ముక్కూమొహం తెలియని మనిషి. మెన్నాకి ఇష్టం లేదు. ఇద్రిస్ మొహం గుర్తొచ్చి, కారెక్కించుకుంది.

ఇంట్లో అడుగుపెడుతూనే ఆయన పెట్టె దగ్గరకు పోయి, ముక్కు గాజుకు తగిలేంత దగ్గరగా వంగాడు. తర్వాత, మూత గట్టిగా బిగుసుకునే చిన్న ప్లాస్టిక్ డబ్బా ఏదైనా ఉందా అని అడిగాడు. మెన్నా అయిష్టంగానే రొట్టెల డబ్బా ఖాళీ చేసి ఇచ్చింది.

గాలికి కన్నాలు పొడవాలన్నాడు. ఇద్రిస్ కుర్చీలోంచి లేచి, పది నెలలుగా అటకమీద పడి ఉన్న పనిముట్ల పెట్టె దించాడు.

"ఎంత కన్నం పెట్టమంటారు పెద్దాయనా?"

"దాని తల పట్టకూడదు. తల పట్టిందంటే మిగతా ఒళ్ళంతా బయటికొచ్చేస్తుంది."

ఆయన చెబుతుంటే ఇద్రిస్ చేస్తూ పోయాడు. ఇసుక బదులు వంటింటి టిష్యూ కాగితం పరిచాడు. ముసలాయన వెంట తెచ్చిన వేడినిచ్చే పట్టీని డబ్బా అడుగున ఒక కొసకే అంటించి, వేడి మితిమీరకుండా థర్మోస్టాట్ తగిలించాడు. వెచ్చటి కొసన ఒక అట్టగొట్టం, చల్లటి కొసన అలాంటిదే ఇంకొకటి పెట్టాడు. ఎటున్నా దాక్కునే చోటు ఉంటేనే దానికి ధైర్యమట. నీళ్ళకి జామ్ సీసా మూత.

అంతా అయ్యాక ముసలాయన డాయ్‌ని తీసి వేలికి చుట్టుకోనిచ్చాడు. గాజు పెట్టెలో గిలగిల్లాడిన పిల్ల అక్కడ కదలకుండా ఉండిపోయింది.

"ఆడపిల్లయ్యా ఇది," అన్నాడు.

"డాయ్ అని మగపేరు పెట్టేశానే!"

"ఏం పరవాలేదు. ఏ పేరు పెట్టినా పలకదు."

ఇద్రిస్ పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో మెన్నాకే గుర్తులేదు.

ఆరు రోజులపాటు దాన్ని ముట్టుకోవద్దన్నాడాయన. ఆ తర్వాత ఫ్రిజ్‌లో గడ్డకట్టిన ఎలుకపిల్లను గోరువెచ్చటి నీళ్ళలో వెచ్చచేసి, గొట్టం మూతి దగ్గర పెట్టి, మూతేసి, అవతలికి వెళ్ళిపొమ్మన్నాడు.

టీ ఇస్తే అక్కడే కూర్చుండిపోతాడేమోనని మెన్నా కెటిల్ జోలికి పోలేదు. పేరు కూడా అడగలేదు.

గుమ్మం దిగుతూ, "తింటే దుకాణంలో ఒక్క మాట చెప్పు తల్లీ" అన్నాడాయన.

శుక్రవారం మధ్యాహ్నం ఇద్రిస్ చెప్పింది చెప్పినట్టే చేశాడు. ఇద్దరూ వంటింట్లో ఎదురెదురుగా కూర్చున్నారు. గంట గడిచింది. చివరికి ఇద్రిస్ లేచి వెళ్ళాడు.

"మెన్నా, ఇలా రా."

ఎలుకపిల్ల లేదు. గొట్టంలో చుట్టచుట్టుకున్న డాయ్ నడుం దగ్గర శనగగింజంత ఉబ్బు.

ఇద్రిస్ నేలమీదే చతికిలబడి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. కాసేపటికి చేతులు తీసి, ఆకలేస్తోంది, మనమేం తిందామని అడిగాడు. మెన్నా వెంటనే దుకాణానికి ఫోన్ చేసి, డాయ్ తిన్నదని చెప్పింది.

మర్నాడు పెనంమీద వెల్ష్ కేకులు కాల్చి, వేడిమీదే గుడ్డలో చుట్టుకుని బయల్దేరింది. ఆ రోజు టీ అయినా ఇవ్వనందుకు ముసలాయనకి క్షమాపణ చెప్పి, ఇంటికి టీకి రమ్మనాలని ఇద్రిస్ మరీమరీ చెప్పి పంపాడు.

గుమ్మం పక్క బల్ల ఖాళీగా ఉంది.

ఆయన ఇక రాడని డెలిత్ చెప్పింది. చూపు దాదాపు పోయిందట. ఈ పొద్దున్నే ఉత్తరాన బ్యాంగర్‌లో ఏదో వృద్ధాశ్రమానికి వెళ్ళిపోయాడట. అక్కడ జంతువుల్ని రానివ్వరట. నిన్న మెన్నా ఫోన్ సంగతి చెప్పగానే, "హమ్మయ్య, ఇక నిశ్చింతగా పోతాను" అన్నాడట.

"ఆయన మీ దుకాణంలో పనిచేసేవారా?" అంది మెన్నా.

"లేదు మెన్నా, నేనమ్మిన పన్నెండు పిల్లల్నీ గుడ్లు పొదిగించి బయటికి తీసింది ఆయనే, అన్నీ తిని కుదురుకునేదాకా ఊరు కదలనని రోజూ ఆ బల్లమీదే కూర్చున్నారు, మీదే పన్నెండోది."