అరుణకుమారి మొదటి విమానం

"మళ్లా పడిపాయె!"

కంప్యూటర్ తెర మీద విమానం నేలకు కొట్టుకోగానే అరుణకుమారి చేతులు వెనక్కి తీసుకుంది.

రేపు ఆమె హైదరాబాదులో పైలట్ శిక్షణకు చేరాలి. ముందుగా ఈ ఆటలో నడిపి చూడమని ఆళ్లగడ్డ నుంచి నంద్యాల కంప్యూటర్ సెంటర్‌కు తీసుకొచ్చింది తండ్రి నతానియేలే. భార్య పోయాక అతనికి మిగిలింది ఈ పిల్ల ఒక్కతే. వద్దని నోటితో అనలేకపోయాడు.

"ఇంగొకసారి చూడు పాపా," అన్నాడు సెంటర్ నడిపే నబీ రసూల్.

"వద్దన్నా. నేర్చుకునేవాళ్లకు సులభమైంది పెట్టమని నాయన చెప్పింటాడు. దాన్నే నిలపలేనిదాన్ని, నిజం విమానం యాడ నడుపుతా? నేను హైదరాబాదుకు పోను నాయనా."

నతానియేలు వినాలనుకున్న మాట అదే. విన్నాక కూతురి ముఖం చూడలేకపోయాడు.

రసూల్ అతన్ని గమనించి, మెల్లగా అన్నాడు. "తప్పు నాదే పాపా. పొరపాటున నడపను కష్టమైన జెట్ పెట్టినా. చిన్న విమానం వేరే ఉండాది."

"లేదమ్మా," అన్నాడు నతానియేలు. "నువ్వు భయపడి మానుకుంటావని జెట్ పెట్టమన్నది నేనే."

ఆమె తండ్రి వైపు తిరగలేదు. కుర్చీ ముందుకు జరుపుకుంది.

"చిన్నది పెట్టన్నా. ఈసారి పడితే నావల్లనే పడతా."