ట్రే అడుగున

"ఈసారి కారం కాస్త చూసి వెయ్యి చెల్లీ. హాలత్తయ్య నాలుక సున్నితం. తేడా వస్తే పోయేది నా పేరే కదా," అంది పెద్దకోడలు ఫోనులో, నవ్వుతూ.

అలాగే అక్కా అని ఫోను పెట్టేసి, చిన్నకోడలు మొక్కజొన్న కంకిని పీట మీద నిలబెట్టి కత్తి దించింది. గింజలు జలజలా రాలాయి. కంకిలో ఆమెకు ఎవరి మెడ కనిపించిందో చెప్పనక్కర్లేదు.

ఏడేళ్ళుగా ఇదే తంతు. ఇంట్లో చుట్టాలు కూడిన ప్రతిసారీ సగం గింజలు పాలతో రుబ్బి, సగం అలాగే ఉంచి, మీగడ, చీజు, నిప్పు మీద కాల్చిన పచ్చిమిర్చి కలిపి ఓవెన్లో పెట్టేది తను. వేరు కాపురం నుంచి సరిగ్గా వడ్డన వేళకు దిగి, చీర మీద మరకైనా లేకుండా ట్రే బల్ల మీదికి మోసుకెళ్ళేది పెద్దకోడలు. మొదటిసారి "మేమే చేశాం" అంది. రెండోసారికి "మేము" కాస్తా "నేను" అయింది. కొత్తకోడలు కదా అని అప్పుడు ఊరుకున్నందుకు, ఇప్పుడు నోరు విప్పితే కుళ్ళుబోతు అంటారు.

అత్తగారికి నిజం తెలుసు. అయినా పెదవి కదపదు. ఎవరెంత మెచ్చుకున్నా ఆవిడ అనేది ఒక్కటే మాట, "మిర్చి ఇంకాస్త కాలాలి." తప్పు పట్టకపోతే అత్తగారెలా అవుతుందిలే అని చిన్నకోడలు సరిపెట్టుకునేది.

కానీ ఈరోజు సరిపెట్టుకునే రోజు కాదు. హాలత్తయ్య అంటే మామగారి చెల్లెలు. ఆవిడకు పెద్ద ఫంక్షన్ హాలుంది. అక్కడి వంటశాలను ఈ మొక్కజొన్న వండే చేతికి అప్పగిస్తానని కబురు చేసింది. భర్త ఉద్యోగం పోయి నాలుగు నెలలైన ఇంట్లో, ఆ వంటశాల చేజారడాన్ని చిన్నకోడలు కళ్ళారా చూస్తూ నిలబడలేదు.

అందుకే నిన్న మధ్యాహ్నం గాజు ట్రేని బోర్లించి, వేడికి చెదరని ఎర్రరంగుతో అడుగుభాగం మీద రాసింది. పైనుంచి చూస్తే సరిగ్గా కనబడాలని, అద్దం ముందు సాధన చేసి మరీ అక్షరాలు తిరగేసి రాసింది. ట్రే ఖాళీ అయ్యేకొద్దీ, కింద పరిచిన తెల్లగుడ్డ మీద అవి ఒక్కొక్కటే బయటపడాలి. అందరి కళ్ళముందు, పెద్దకోడలి చేతిలో గరిటె ఉండగానే.

ఈరోజు గింజలు రాల్చిపెట్టి, చీజు కోసం బజారుకు వెళ్ళింది. దుకాణం ఆలస్యంగా తెరవడంతో గంటన్నర పట్టింది. తిరిగొచ్చేసరికి అత్తగారు వంటగదిలో ఉంది. ట్రేకి వెన్న రాసి, దాని మీద రొట్టెపొడి పొర కూడా చల్లేసింది. చిన్నకోడలు చీజు సంచి గుమ్మంలోనే వదిలి ట్రే దగ్గరికి నడిచింది.

"ఖాళీగా కూర్చోలేక చేశానమ్మా," అంది అత్తగారు. "అడుగున ఏవో ఎర్రగీతలున్నాయి. తోమినా పోలేదు."

"డిజైనత్తయ్యా, అది."

"ఏమో, నా చూపు అంతంతమాత్రం," అంటూ ఆవిడ కిటికీ దగ్గరి కుర్చీలోకి వెళ్ళి, చేత్తో రాసుకున్న తన పాత వంటల పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. ఇరవై ఏళ్ళు అచ్చాఫీసులో తిరగేసిన సీసపు అక్షరాలు పేర్చిన వేళ్ళు, పేజీలు నెమ్మదిగా తిప్పుతున్నాయి.

చిన్నకోడలు ఊపిరి పీల్చుకుంది. లవంగాల డబ్బా అడుగున మడిచి దాచిన కాగితం తీసి, మీగడ కొలత సరిచూసుకుంది. నూనె మరకలతో, ఒక అంచు పళ్ళూడిన దువ్వెనలా ఉన్న కాగితం. చూసి మళ్ళీ డబ్బాలో పెట్టేసింది. ఈసారి చీజు రెట్టింపు వేసింది. పగ తీరాలంటే ట్రే నాకేయాలి మరి.

భోజనాల దగ్గర ఆమె అనుకున్నట్టే జరిగింది. పొద్దున్నే లేచి ఎంత కష్టపడ్డానో అని పెద్దకోడలు చెబుతుంటే, హాలత్తయ్య మూడోసారి వడ్డించుకుంది. గరిటె ఒక మూలకు తగిలి ఎర్రటి అక్షరం తొంగిచూసింది. పెద్దకోడలి చెయ్యి ఆగింది. పక్కనున్న మొక్కజొన్నను గబుక్కున దానిమీదికి తోసి, మిగిలింది లోపల పెట్టేస్తానంటూ ట్రే ఎత్తబోయింది.

"మాడిన అడుగు నాదమ్మాయ్, ఎక్కడికి పట్టుకుపోతావ్?" హాలత్తయ్య గరిటె లాక్కుని గీకింది. గీకి, కళ్ళజోడు సర్దుకుని, పైకే చదివింది.

"ఇది చేసింది చిన్నకోడలు."

ఎవరో వేళాకోళానికి రాసుంటారని పెద్దకోడలు గొణిగింది. ఆ గొంతులో ఆమెకే నమ్మకం లేదు. ఎన్నాళ్ళ నుంచని హాలత్తయ్య అడిగింది.

"ఏడేళ్ళ నుంచి," అంది చిన్నకోడలు. ఒక్కో మాటా చప్పరించి మరీ అంది. "ఒకరి వంట తనదని చెప్పుకోవడానికి మనిషికి కాస్త సిగ్గుండాలి అత్తయ్యా. అంతకంటే నేనేమీ అనను."

పెద్దకోడలు కళ్ళు దించుకుంది. చిన్నకోడలి ఏడేళ్ళ కడుపుమంట ఆ దించుకున్న చూపుతో చల్లారింది. హాలత్తయ్య నడుముకున్న వంటశాల తాళాలు తీసి, చిన్నకోడలి వైపు చాచింది.

"తాళాలకు తొందరేముంది," అంది అత్తగారు, అంతదాకా మాట్లాడని మనిషి. "ఆ కిందివైపు ఇంకాస్త అంటుకునుంది. అదీ గీకు."

హాలత్తయ్య గీకింది. మొదటి వరస కింద ఇంకో వరస తేలింది. ఒక్క అక్షరమైనా వంకర పోలేదు, అచ్చు గుద్దినట్టుంది. అత్తగారి గోటి అంచున ఆరిన ఎర్రరంగు చిన్నకోడలికి అప్పుడు కనిపించింది. హాలత్తయ్య ఆ వరసా పైకే చదివింది.

"నా పుస్తకంలోంచి చింపిన కాగితం చూసి."