అమ్మ చెప్పులు

కాన్పులో పోయినవాళ్ల ఇళ్లకు వెళ్లి, ఎలా పోయారో అడిగి తెలుసుకోవడం సర్వే అమ్మాయి పని. ఆమె గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి రాగానే, ఆ ఇంట్లో కూతుర్ని అలా పోగొట్టుకున్న తల్లి కుర్చీ లాగింది.

“కింద కూర్చోకమ్మా. ఒట్టి మనిషివి కాదు.”

ఏ ఇంట్లోనైనా ఒకే గొంతుతో అడగాలని నేర్పారు. అలాగే అడిగింది. తల్లి కూడా ఎవరి సంగతో చెబుతున్నట్టే చెప్పింది.

“తలనొప్పి ఉండేదా?”

“ఉండేది. ఎండకేమో అనుకున్నాం.”

“కాళ్లు వాచాయా?”

“వాచాయి. పుట్టింటికొచ్చి ఒళ్లు చేసిందని మురిసిపోయాను. దాని చెప్పులు పట్టకపోతే నావిచ్చాను. ఆఖరిదాకా అవే వేసుకు తిరిగింది.”

“ఇంకేమైనా చెబుతారా?”

“ఏముంది చెప్పడానికి.”

సర్వే అమ్మాయి లేచి గుమ్మం దగ్గరకొచ్చింది. పొద్దున వేసుకొచ్చిన చెప్పుల్లోనే ఇప్పుడు పాదం దూరలేదు.

“ఎండలో తిరిగాను కదండీ,” అంది, మళ్లీ తోస్తూ.

తల్లి కాసేపు ఆ పాదం వైపే చూసింది. తర్వాత మూలనున్న తన చెప్పులు తెచ్చి ఆమె ముందు పెట్టింది.

“ఇవి వేసుకో. ఇంటికి కాదు, ఆస్పత్రికి. పద, నేనూ వస్తాను.”

ఉత్తి కాళ్లతోనే ముందుగా మెట్లు దిగింది.