ఎండ తగిలిన భోజలీ

"అత్తా! సామాన్ల గదిలో బుట్టేదీ?"

ఈమధ్యే ఊరి నుంచి కొడుకింటికి వచ్చిన గున్నమ్మ పెరట్లో బీరపాదుకు తాడు కడుతూ తలెత్తింది. "గోదుమ నారు బుట్టా? అదిగో, గోడ మీద. సీకట్లో పడేసి సంపేస్తన్నావు. పాలిపోయి సచ్చిపోతంటే నిన్న పొద్దున్నే ఎండలో పెట్టినాను. సూడు, ఎలా తేరుకున్నాదో!"

సత్యలక్ష్మి చూసింది. బుట్టలో మొలకలు చిలకరెక్కల రంగులో నిగనిగలాడుతున్నాయి.

"నీకెవరు సెప్పినారత్తా ముట్టమని? అది అహల్య భోజలీ!"

"భోజలీ అంటే ఏటి?"

ఏమిటని చెబుతుంది? ఈ హిందీ దేశపు ఆడవాళ్ళు శ్రావణంలో బుట్టలో గోధుమలు చల్లి, ఎండ తగలకుండా చీకటి గదిలో పెట్టి, దేవతలా కొలుస్తారు. మొలకలు బంగారంలా పసుపు రంగులోనే ఎదగాలి. రాఖీ మర్నాడు చెరువులో కలిపి, నాలుగు మొలకలు వెనక్కి తెచ్చి మనసుకు నచ్చిన మనిషి చెవి మీద పెడతారు. అంతే, ఆ ఇద్దరూ చచ్చేదాకా నేస్తాలు, ఒకరికొకరు 'భోజలీ'లు.

"మనూర్ల పెళ్ళిలో పాలికలు పాలిపోతే అరిష్టం కాదేటి?" అంది గున్నమ్మ. ఆమెనీ అనడానికి లేదు. పాలికల్లో మొలకలు వాడిపోతుంటే ఏ శ్రీకాకుళం ముసలమ్మ చూస్తూ ఊరుకుంటుంది?

పక్క క్వార్టర్ అహల్య రాఖీ కట్టడానికి నందిని అనే ఊరి దగ్గరున్న పుట్టింటికి వెళ్తూ బుట్టను సత్యలక్ష్మి చేతుల్లో పెట్టింది. "ఈసారి భోజలీ నీకే పెడతాను దీదీ" అని మరీ చెప్పి వెళ్ళింది. ఈ ఉక్కు కార్ఖానా కాలనీలో సెక్టర్ నాలుగుకు కాపురానికి వచ్చాక సత్యలక్ష్మికి దొరికిన మనిషి ఆమె ఒక్కతే. తనకంటే చిన్నదే అయినా హిందీ నేర్పింది, జ్వరమొస్తే గంజి కాచి తెచ్చింది. మొగుడు షిఫ్టుకు పోతే ఇంట్లో గోడలతో మాట్లాడుకునే ఆడదానికి అలాంటి నేస్తం ఎంత విలువో చెప్పనక్కర్లేదు.

ఆ అహల్య ఈ మధ్యాహ్నమే వస్తుంది.

సత్యలక్ష్మి బుట్టను చీకటి గదిలోకి తోసి తలుపేసింది. మళ్ళీ తీసి చూసింది. గంగాళం బోర్లించింది. ఎత్తి చూసింది. చివరికి పసుపు కలిపి మొలకలన్నిటికీ పులిమింది. పసుపు కారిపోయి కింద ఆకుపచ్చ అలాగే వెక్కిరించింది. పొయ్యి మీద అన్నం మాడింది. గేటు దాకా వెళ్తుంది, వస్తుంది, మళ్ళీ వెళ్తుంది.

"కాలు కాలిన పిల్లిలాగ ఏటా తిరుగుడు? తప్పయిపోనాదని నానే సెప్తానులే."

"నువ్వేటీ సెప్పొద్దు. ఆమొచ్చినప్పుడు గదిలోంచి రాకు, అంతే."

గేటు చప్పుడైంది. కొత్త గాజులు గలగలలాడించుకుంటూ అహల్య వచ్చింది. "దీదీ, నా భోజలీ ఏదీ? జల్దీ ఇవ్వు, ఆడవాళ్ళంతా చెరువుకు బయల్దేరిపోయారు."

"ఎలకలు... ఎలకలు కొరికేశాయి అహల్యా," అంది సత్యలక్ష్మి వచ్చిన హిందీ కూడా తడబడుతుంటే. "మొత్తం పాడుచేసేశాయి. పారేశాను."

"పారేశావా? భోజలీ దేవినా?" అంటూ అహల్య గుమ్మంలోనే కూలబడింది.

సరిగ్గా అప్పుడు గున్నమ్మ బుట్ట పట్టుకుని బయటికి వచ్చింది. మొలకలకు పులిమిన పసుపు కడిగేసినట్టుంది, మోచేతుల నుంచి పసుపు నీళ్ళు కారుతున్నాయి. ఆమెకు హిందీ ముక్క రాదు. కోడలు ఏం చెప్పిందో తెలియదు.

"తప్పయిపోనాది తల్లీ. నానే ఎండలో పెట్టినాను. నా కోడలికి తెల్దు. తిట్టుకుంటే నన్ను తిట్టుకో."

ఇన్నాళ్ళ ఇరుగుపొరుగులో అహల్యకు ఆ మాత్రం తెలుగు వచ్చు. బుట్టను చూసింది. తర్వాత సత్యలక్ష్మిని చూసింది. భూమి విచ్చుకుంటే దిగిపోదామనిపించింది సత్యలక్ష్మికి.

అహల్య బుట్ట నెత్తిన పెట్టుకుంది. "అమ్మాజీ, మీరూ రండి" అని గున్నమ్మను పిలిచింది. పిలవకపోయినా సత్యలక్ష్మి వెనకాలే నడిచింది.

చెరువు గట్టు మీద బంగారు రంగు బుట్టల మధ్య ఆకుపచ్చ బుట్ట ఒక్కటే. ఆడవాళ్ళు మోచేతులతో పొడుచుకుని నవ్వారు. అహల్య తల దించుకోలేదు. పాట పాడుతూ మోకాలి లోతు నీళ్ళలోకి దిగింది, మొలకలు కడిగింది, నాలుగు చేతిలో ఉంచుకుని మిగిలినవి నీళ్ళలో వదిలేసింది.

గట్టు మీద ఒకరి చెవుల మీద ఒకరు మొలకలు పెట్టుకుని కావలించుకుంటున్నారు. సత్యలక్ష్మి ముఖం తుడుచుకుని జుట్టు చెవి వెనక్కి సర్దుకుంది. అహల్యది మంచి మనసు, మర్చిపోయే ఉంటుంది అనుకుంది. ఆశ మరి!

అహల్య నేరుగా ఆమె ముందుకే వచ్చి ఆగింది. "ఎండలో పెట్టడం తప్పే. కానీ అమ్మాజీ నిజం చెప్పింది" అంది. చెయ్యి సత్యలక్ష్మిని దాటి పోయి, గున్నమ్మ నెరిసిన జుట్టులో, చెవి మీద మొలకలు గుచ్చింది.

"ఏటే ఇది?" అని గున్నమ్మ తెల్లబోయింది. అహల్య ఆమెను గట్టిగా కావలించుకుంది. సత్యలక్ష్మి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరూ చూడకుండా వెళ్ళిపోదామని వెనక్కి తిరిగింది.

"ఆగు," అంది అహల్య నడుము మీద చేతులు పెట్టుకుని. "నా భోజలీ కోడలంటే నాకూ కోడలే. కొంగు తల మీద కప్పుకుని ఈ అత్తగారి కాళ్ళకు దండం పెట్టి మరీ వెళ్ళు, బహూ!"