నాల్ చూడమన్నాడు

"ఆ గుర్రానికేటైనా అయితే ఘాసీరామ్ భయ్యాకి ఏటి సెప్తామే?" అన్నాను మా అమ్మాయి నీలిమతో. అప్పటికింకా ఏమీ కాలేదు.

అది పెళ్లి ఊరేగింపుల గుర్రం. ఘాసీరామ్‌కి అదే బతుకుతెరువు. ఆపరేషన్‌కని నాగపూర్ వెళ్తూ, భన్‌పురిలో మా ఇంటి పక్క షెడ్డులో కట్టేసి నాకప్పగించాడు. "దీదీ, రోజ్ నాల్ దేఖ్నా" అని మరీ మరీ చెప్పాడు. చూడమన్నాడు కదా అని, జ్వరమొచ్చిన పిల్లకు చూసినట్టు రోజూ దాని నోరు తెరిచి నాలుక చూశాను. ఇరవై రోజులు చూశాను.

ఇవాళ సాయంత్రం అది ముందుకాలు నేలకు ఆనించలేదు.

"అయ్యో అమ్మా! నాల్ అంటే నాలుక కాదే, గుర్రం లాడం!" అని నీలిమ నెత్తి కొట్టుకుంది.

లాడం వదులై, మేకు లోపలికి దిగి, గిట్టకు చీము పట్టింది. డాక్టరు పొద్దున్నే వస్తానన్నాడు. ఘాసీరామ్ ఫోన్ ఎత్తలేదు.

రాత్రి సందులో గిట్టల చప్పుడు వినిపించింది. మూడు అడుగులు, తర్వాత నాలుగో కాలు ఆనించనట్టు ఒక ఖాళీ. మళ్లీ మూడు, మళ్లీ ఖాళీ. కట్టు తెంపుకుందేమోనని టార్చి పట్టుకుని షెడ్డులోకి పరుగెత్తాను. గుర్రం కట్టుకొయ్య దగ్గరే, కాలెత్తి, కదలకుండా నిలబడి ఉంది. చెవులు మాత్రం గేటు వైపు నిక్కబొడుచుకున్నాయి.

చప్పుడు గేటు దాకా వచ్చి ఆగింది.

"కౌన్ హై? ఎవరది?"

గుర్రం ఊపిరి కూడా వినిపించలేదు. గేటు అవతల నుంచి, ఎప్పటిలాగే మెత్తగా, నాగపూర్ ఆసుపత్రిలో ఉండాల్సిన ఘాసీరామ్ గొంతు పలికింది.

"నాల్ దేఖా, దీదీ?"