తొంభై ఐదు డిగ్రీలు

రెండు వేల ఎనిమిది ఎండాకాలం. అమ్మా నాన్నా ప్రార్థన కూటానికి వెళ్లాక, సారపాక చివర జామాయిల్ తోటను ఆనుకున్న క్వార్టర్‌లో జోయెల్ ఒక్కడే మిగిలాడు. సొంతంగా బిగించుకున్న గేమింగ్ కంప్యూటర్ మూడు రోజులుగా అతని పరువు తీస్తోంది. ఆట మొదలైన రెండు నిమిషాలకే ప్రాసెసర్ వేడి తొంభై ఐదు డిగ్రీలు దాటి, అంతా ఆగిపోతోంది. పొద్దున్నే సామానంతా ఖమ్మంలో వాపస్ ఇచ్చేస్తానని నాన్న జోజి తేల్చి చెప్పాడు.

ప్రాసెసర్ మీద వేడిని లాగే హీట్‌సింక్‌ను నాలుగోసారి ఊడదీసినప్పుడు దొంగ దొరికాడు. దాని అడుగున, తీయడం మరిచిపోయిన పల్చటి ప్లాస్టిక్ పొర. జోయెల్ దాన్ని గోటితో లాగేసి, పేస్టు రాసి, మళ్లీ బిగించి స్విచ్ వేశాడు.

గంటసేపు ఆడినా వేడి యాభై రెండు దాటలేదు. బయట తోటలో ఆకు కదలడం లేదు. మూత తీసిన డబ్బాలో ఫ్యాన్ మాత్రం ఆగి ఆగి, ఎవరో ఊపిరి పీల్చినట్టు తిరుగుతోంది. గెలిచిన సంబరంలో జోయెల్ అది పట్టించుకోలేదు.

నాన్న గుమ్మంలోకి రాగానే పిలిచాడు. “డాడీ, జర ఇటు రా. గంట నుంచి ఆడుతున్న. యాభై రెండే.”

జోజి వంగి చూశాడు. “గెలిచినవ్ పో. ఇగ వాపస్ లేదు.” తర్వాత వేలు చూపించాడు. “మరి గీ ఫ్యాన్ వైరు గిట్ల ఏలాడుతుందేంది?”

తొందరలో వైరు బోర్డుకు పెట్టడమే మరిచాడు జోయెల్. కరెంటు అందకపోయినా ఫ్యాన్ తిరుగుతూనే ఉంది.

అతను వైరు అందుకోబోతే, జోజి చెయ్యి పట్టి ఆపాడు.

“ముట్టకు,” అన్నాడు గొంతు తగ్గించి. “మంచిగనే చేస్తుంది గద.”

తెర మీద అంకె యాభైకి దిగింది.