గోడ మీద రావి మొక్క

బెంగళూరు పీణ్యలో లేత్ షాపు నడిపే పక్కింటి తిమ్మరాయప్ప గడ్డపారతో వచ్చేసరికి, నేను అతని గోడ మీది రావి మొక్కకు నీళ్ళు పోస్తున్నాను.

ఆ గోడ తొంభై ఏడులో మా కిటికీకి అడ్డంగా లేపాడు. గది చీకటైపోయి, చెల్లెలు వనజ చెప్పే టెన్త్ ట్యూషన్ మూతపడింది. మా ఇద్దరికీ అదే కూడు.

"జరుగక్కా, పీకేస్తా. ఇటుకల సందులో లేచిండాది."

"రావి కదప్పా. నారాయణుడుండే చెట్టు. పీకినోళ్ళ ఇల్లు ఏమవుతుందో నాకు తెలీదు."

గడ్డపార కింద పెట్టి చెంపలు వేసుకున్నాడు.

"వెలుతురు పాయెనని వీధంతా పంచాయితీ పెడితిరి. ఇప్పుడు నా గోడకే నీళ్ళు పోస్తా ఉండారు. దొడ్డ మనసక్కా మీది!" నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

నేను ఇంకో చెంబు తెచ్చుకున్నాను.

వనజ పిల్లలకు చెప్పే జీవశాస్త్రం నేను వంటింట్లో కూచుని ఏళ్ళ తరబడి విన్నాను. తడి ఎటుంటే వేరు అటు పోతుందట. లావెక్కేకొద్దీ రాయినైనా చీలుస్తుందట.

అందుకే మొక్క మొదట్లో పోయను. పునాది దాకా దిగేలా ఇటుకల సందుల్లో పోస్తాను.

విష్ణు సహస్రనామం నేను చదువుకుంటాను. మిగతా పని వేరు చూసుకుంటుంది.